ముక్కూ మొహం తెలియని వారికి మనసులో మాట ఎందుకు చెబుతాం?

ఆర్థికశాస్త్రం లెక్కన చూస్తే ఆన్‌లైన్ చర్చా బృందం అసలు పుట్టకూడదు. ఒకవేళ పుట్టినా నాలుగు రోజుల్లో మూతపడాలి. వెయ్యి మంది సభ్యులున్న బృందంలో ఒకరు గంటసేపు కూర్చుని ఒక ప్రశ్నకు జవాబు రాశారనుకుందాం. ఖర్చయిన గంట రాసినవారిది. ప్రయోజనం మాత్రం ఒక్క అక్షరం రాయనివారితో సహా మిగిలిన తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందికీ సమానంగా అందుతుంది. రాయకపోయినా అందేదాని కోసం రాయడం దేనికి? లెక్క తెలిసినవారెవరైనా చదువుకుని తమ దారిన తాము పోవాలి. అందరూ అలాగే చేస్తే చదవడానికి ఏమీ మిగలదు.

ఈ లెక్క సగం వరకు నిజమే. 2006లో జాకబ్ నీల్సన్ అనే వెబ్ నిపుణుడు ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పాడు. నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అడపాదడపా రాస్తారు, కనిపించే రాతలో ఎక్కువ భాగం ఒక్కరిదే. ఏ బృందంలోనూ అచ్చంగా ఇవే అంకెలు రావు. అయినా వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో పెద్ద గ్రూపులో ఉన్నవారెవరికైనా ఈ సంగతి అనుభవమే. రోజూ కనిపించే పేర్లు పదో పదిహేనో ఉంటాయి. మిగతావారు ఉన్నారని తెలిసేది సభ్యుల సంఖ్య చూసినప్పుడే.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది రాసే ఆ పది మంది. జీతం లేదు, పైవాడి ఒత్తిడి లేదు, ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నా వినరు. వాళ్లకు ఏమిటి లాభం?

ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పేరు పిచ్చి అనేది ఒకటి, సేవాభావం అనేది రెండోది. ఒకటి తిట్టు, ఇంకొకటి పొగడ్త. రెండూ మనిషిని సరిగ్గా చూడకముందే తీర్పు చెప్పేస్తాయి.

పేరు సంగతి ముందు చూద్దాం. 2005లో మోలీ వాస్కో, సామర్ ఫరాజ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో న్యాయవాదుల వృత్తి సంఘం ఒకటి నడిపే చర్చా వేదికను పరిశీలించారు. ఎంచుకోవడమే గొప్పగా ఎంచుకున్నారు. అక్కడి న్యాయవాదులు గంటల లెక్కన ఫీజు తీసుకునేవారు. అడిగే వ్యక్తి తమతో పోటీపడే మరో న్యాయవాది కావచ్చు. అయినా జవాబులు ఉచితంగా వచ్చిపడుతున్నాయి. ఎందుకని ఆరా తీస్తే, వృత్తిలో తమకు గౌరవం పెరుగుతుందని నమ్మినవారు, చెప్పగలిగినంత అనుభవం ఉన్నవారు, ఆ బృందంలో ఇప్పటికే చాలామందితో మాటామంతీ నడిపినవారు ఎక్కువగా రాస్తున్నారని తేలింది. ఈ రోజు నేను చెబితే రేపు నాకెవరైనా చెబుతారన్న ఇచ్చిపుచ్చుకునే ఆశ మాత్రం వాళ్ల రాతల వెనుక కనిపించలేదు. పరిశోధకులు ఊహించనిది ఇదే.

అంటే పేరు ఒక కారణమే, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదని నా అభిప్రాయం. చేయి తిరిగిన వడ్రంగికి దారిన పోయేవారి పొగడ్త కంటే ఇంకో వడ్రంగి తల ఊపడమే గొప్ప. తన పనిలోని లోతు తెలిసినవారు తనను గుర్తించాలని కోరుకోవడాన్ని పిచ్చి అనలేం. పైగా ఈ బృందాల్లో చాలామంది అసలు పేరుతో రాయరు. మారుపేరుతో పదేళ్లు రాసినవారికి ఊళ్లో ఎవరూ దండలు వేయరు. పేరు ఒక్కటే కారణమైతే వాళ్లెప్పుడో మానేసి ఉండేవారు.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే మన రైతుల గ్రూపుల కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. 2021-22 పంటకాలంలో ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అంతవరకు మిరప రైతుకు తెలిసిన తామర పురుగు లేత ఆకుల మీద చేరి రసం పీల్చేది, ఆకులు పైకి ముడుచుకునేవి. దానికి ఏ మందు కొట్టాలో అలవాటైపోయింది. కొత్తగా వచ్చినది పువ్వుల్లోకి దూరింది. పూత రాలిపోయింది. పాత మందులు కొట్టినా ఆగలేదు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనిపించిన ఈ పురుగు మిరప రైతులకు అప్పటికి కొత్త ముఖం.

అలాంటప్పుడు రైతుల గ్రూపులో సంభాషణ ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు. ఒకరు అరచేతిలో పువ్వు పెట్టుకుని తీసిన ఫొటో పంపుతారు. ఇది పై ముడతా, కింది ముడతా, బొబ్బర తెగులా అని అడుగుతారు. ఒకరు నల్లి అంటారు, ఇంకొకరు వైరస్ అంటారు. మూడో వ్యక్తి వచ్చి, పువ్వును తెల్ల కాగితం మీద దులిపి చూడన్నా, నల్లగా కదులుతుంటే అదే, అంటాడు. తన చేలో నీలి రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని కట్టాడో, ఏ మందు పని చేయలేదో, ఎంత డబ్బు పోయిందో కూడా చెబుతాడు. అడిగినదానికి జవాబు మొదటి వాక్యంలోనే అయిపోయింది. మిగతాదంతా ఎవరూ అడగలేదు.

అడగనిది ఎందుకు చెప్పాడు? ఇందులో నాకు మూడు సంగతులు కలిసి కనిపిస్తాయి. పురుగుకు గట్టు తెలియదు. పక్క చేను బాగుపడితే తన చేనుకూ రక్షణే. అది స్వార్థమే గానీ మంచి స్వార్థం. రెండోది, అతనికి తన అంచనా మీద పూర్తి నమ్మకం లేదు. కొట్టిన మందు నిజంగా పని చేయలేదా, లేక కొట్టిన రోజు సాయంత్రం వాన పడి కడిగేసిందా? తన చేను ఒక్కటే చూస్తే తేలదు. నలుగురికి చెబితే, మాకూ అంతేనని ఇద్దరంటారు, మాకు తగ్గిందని ఒకరంటారు. అతను చెప్పింది సమాచారం రూపంలో ఉన్నా, లోపల ఉన్నది ప్రశ్నే. ఆన్‌లైన్‌లో పంచుకునే అభిప్రాయాల్లో చాలా వాటికి ఈ లక్షణం ఉంది. పైకి తీర్మానంలా కనిపిస్తాయి, నిజానికి సరిచూసుకోవడానికి ముందుకు తోసిన ఊహలు.

ఇక మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. పెట్టుబడి పోయిన మనిషికి ఆ నష్టం తన ఒక్కడితో ముగిసిపోవడం భరించరానిదిగా ఉంటుంది. అది ఇంకొకరికి హెచ్చరికగా మారితే పోయిన డబ్బు తిరిగి రాదు గానీ, పడిన కష్టానికి కొంత అర్థం ఉంటుంది. క్యాన్సర్ చికిత్స పూర్తయినవారు రోగుల బృందాల్లో కొనసాగడానికి, పోటీ పరీక్షలో చివరి మెట్టు మీద జారినవారు తర్వాతివారికి నోట్సు పంచడానికి, గల్ఫ్ ఏజెంటు చేతిలో మోసపోయినవారు వీసా కాగితంలో ఏ గడి చూడాలో ఓపికగా చెప్పడానికి ఇదే కారణమని నేను నమ్ముతాను. దీన్ని సేవ అంటే కాదనలేం. కానీ చెప్పేవారికి అది దానం చేసినట్టు ఉండదు. గుండె బరువు దించుకున్నట్టు ఉంటుంది.

ఈ బరువు దించుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రం కొలిచి చూసింది. 1986లో జేమ్స్ పెన్నిబేకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కొందరు కాలేజీ విద్యార్థులను రోజుకు పదిహేను నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రాయమన్నాడు. ఇంకొందరిని మామూలు విషయాల మీద రాయమన్నాడు. బాధను, దాని చుట్టూ ఉన్న వాస్తవాలను కలిపి రాసినవారు ఆ తర్వాతి నెలల్లో కళాశాల వైద్యశాలకు తక్కువసార్లు వెళ్లారు. రాయడానికే కొంత శక్తి ఉందన్నమాట. ఎవరికీ చూపించకపోయినా సరే.

అలాగే వివరించి చెప్పడం వల్ల చెప్పేవారికే విషయం బోధపడుతుంది. 1994లో మిషెలిన్ చీ బృందం ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ గురించిన పాఠం ఇచ్చింది. ప్రతి వాక్యం తర్వాత ఆగి, దాని అర్థం తమ మాటల్లో చెప్పుకున్న పిల్లలు, అదే పాఠాన్ని రెండుసార్లు చదివిన పిల్లల కంటే బాగా నేర్చుకున్నారు. పాఠం చెప్పిన ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసిన రహస్యమే ఇది. తెలుసుననుకున్నది రాయడానికి కూర్చుంటే రెండో వాక్యం దగ్గరే ఖాళీ బయటపడుతుంది. చర్చలో పాల్గొనేవారిలో చాలామంది ఈ రుచి మరిగినవారే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. బరువు దించుకోవడానికీ ఆలోచన తేటపరచుకోవడానికీ డైరీ చాలు. గది తలుపు మూసుకుని రాసుకోవచ్చు. నలుగురి మధ్య ఎందుకు?

హార్వర్డ్‌లో డయానా టామిర్, జేసన్ మిచెల్ 2012లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చిక్కును కొంత విప్పుతాయి. మనిషి తన గురించి, తన అభిప్రాయాల గురించి చెబుతున్నప్పుడు, ఇష్టమైన తిండి, డబ్బు వంటివి దొరికినప్పుడు చైతన్యం పొందే మెదడు భాగాలే స్పందిస్తున్నాయని వారు చూపించారు. తన గురించి చెప్పే అవకాశం కోసం కొందరు కొద్దిపాటి డబ్బు వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. నాకు ముఖ్యంగా తోచినది ఇంకొకటి. మీ జవాబును మరొకరు చూస్తారని చెప్పినప్పుడు ఆ తృప్తి మరింత పెరిగింది. ఆలోచన ఒకటే, జవాబు ఒకటే. అవతల ఒకరున్నారని తెలియడం తేడా తెచ్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో అసలు ముడి అక్కడే ఉందని నేను అనుకుంటాను. వినేవారు ఉన్నారన్న నమ్మకం మీదే మనుషులు చెబుతారు. పేరు, సేవ, లాభం అనే కారణాలన్నీ ఆ నమ్మకం ఉన్నంతవరకే పని చేస్తాయి. అది పోతే ఎంత ఉదారుడైనా మానేస్తాడు. దీనికి నా దగ్గర ఉన్న బలమైన సాక్ష్యం చైనా భాషలోని వికీపీడియా.

2005 అక్టోబరులో చైనా ప్రభుత్వం తన ప్రధాన భూభాగంలో వికీపీడియాను అడ్డుకుంది. దాదాపు ఏడాదిపాటు అక్కడివారు చదవలేకపోయారు, రాయలేకపోయారు. తైవాన్, హాంగ్‌కాంగ్, సింగపూర్ వంటి చోట్ల ఉన్న చైనీయులకు మాత్రం ఏ అడ్డూ లేదు. వారి కంప్యూటర్లు పని చేస్తున్నాయి, వారి తీరిక అలాగే ఉంది, రాయవలసిన వ్యాసాలు మునుపటికంటే ఎక్కువగానే మిగిలాయి. సేవాభావంతో రాసేవారైతే, మనుషులు తగ్గారు కాబట్టి మనమే ఎక్కువ రాయాలని పూనుకోవాలి. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. షియావోచ్వాన్ జాంగ్, ఫెంగ్ జూ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అడ్డంకి లేని ఈ రచయితల రాత సగటున 42.8 శాతం పడిపోయింది. సాటి సభ్యులతో చర్చా పుటల్లో ఎక్కువగా మాట్లాడే అలవాటున్నవారిలో ఈ తగ్గుదల మరీ ఎక్కువ. ఎవరూ వారిని ఆపలేదు. చదివేవారు పోయారు, అంతే.

ఇదే సంగతి చిన్న స్థాయిలో ప్రతిరోజూ జరుగుతుంటుంది. ఎలిజబెత్ జాయిస్, రాబర్ట్ క్రౌట్ 2006లో ఆరు చర్చా బృందాల్లో కొత్తగా చేరినవారిని గమనించారు. మొదటిసారి రాసినదానికి ఎవరూ బదులివ్వకపోతే మళ్లీ రాసే అవకాశం నూటికి 44. ఎవరో ఒకరు బదులిస్తే 56. ఆ బదులు ప్రశ్నకు సరైన జవాబా కాదా, తీయగా ఉందా కటువుగా ఉందా అన్నదాని వల్ల తేడా కనిపించలేదు. అందరినీ ఆశ్చర్యపరిచేది ఇదే. కొత్తవారికి కావలసింది తన మాట ఎవరి చెవినో పడిందన్న గుర్తు. ఏ గ్రూపైనా నడిపేవారికి నేను చెప్పేది ఒకటే. నియమాల చిట్టా తయారు చేసే ముందు, మొదటిసారి రాసినవారికి ఎవరు బదులివ్వాలో చూసుకోండి.

బదులుకు ఉన్న విలువ డబ్బుకు లేదనడానికీ ఆధారముంది. గూగుల్ 2002లో డబ్బు చెల్లించి నిపుణుల చేత జవాబులు చెప్పించే సేవ ఒకటి మొదలుపెట్టి 2006లో ఎత్తేసింది. 2001లోనే పుట్టిన వికీపీడియా పైసా ఇవ్వకుండా ప్రపంచమంతా పాకింది. 2012లో వచ్చిన ఒక ప్రయోగంలో, బాగా చురుకైన వికీపీడియా రచయితల్లో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి, వారి పుటలో ఒక చిన్న నక్షత్రం బొమ్మ అతికించారు. సాటి సభ్యులు మెచ్చుకోలుగా పెట్టుకునే బొమ్మ అది, దమ్మిడీ విలువ చేయదు. తర్వాతి మూడు నెలల్లో వారు, ఆ బొమ్మ అందనివారి కంటే దాదాపు 60 శాతం ఎక్కువ రాశారు.

తెలుగువారి విషయానికి వస్తే, వినేవారి కోసం మనవాళ్లు పడిన తిప్పలు చిన్నవి కావు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఆలోచనగా మొదలైన యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థలో 1990లలో తెలుగు సంస్కృతి కోసం ఒక విభాగం ఉండేది. అప్పట్లో అలాంటి చర్చల్లో తెలుగు లిపిలో రాసే దారి లేదు. అందుకని ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాయడానికి ఒక కట్టుబాటు తయారుచేసుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కాబట్టి దాని పొడిపేరు ఆర్‌టీఎస్. చిన్న టీ రాస్తే త, పెద్ద టీ రాస్తే ట. చిన్న ఎన్ అయితే న, పెద్దదైతే ణ. ఒక పద్యం రాయాలంటే ప్రతి అక్షరానికీ ఆగి, షిఫ్ట్ నొక్కాలా వద్దా అని చూసుకోవాలి. చదివేవారు ఆ ఇంగ్లిష్ అక్షరాల గుంపును మనసులో తెలుగులోకి మార్చుకోవాలి. ఇంత ఇబ్బంది పడి రాసినవి సినిమా కబుర్లు, ఛందస్సు మీద వాదనలు, ఊళ్లో తిన్న వంటల జ్ఞాపకాలు. పక్కింట్లో, ఆఫీసులో, బస్సులో ఎక్కడా తెలుగు వినిపించని ఊళ్లలో ఉన్నవారికి, తమ మాట అర్థమయ్యే మనిషి ఇంకో రాష్ట్రంలో ఉన్నాడని తెలియడమే ఆ శ్రమకు కూలి. అలాంటి చర్చల మధ్య ఎదిగిన తరం చేతుల్లోనే తర్వాత తెలుగు లిపి కంప్యూటర్‌కెక్కే పరికరాలు, వెబ్ పత్రికలు రూపుదిద్దుకున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఈనాటికీ సభ్యులు కలిసి మాట్లాడుకునే చోటును రచ్చబండ అనే పిలుస్తారు.

పూర్తికాని ఆలోచనను బయటపెట్టడం వల్ల ఏం జరగగలదో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక చర్చా బృందంలో, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం తయారు చేస్తున్నాను, పెద్దదేమీ కాదు, మీకేం కావాలో చెప్పండి అన్న అర్థం వచ్చేలా రాశాడు. దాని నుంచే లినక్స్ వచ్చింది. ఈ రోజు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో లోపల నడిచేది దాని మూలభాగమే. అతను పూర్తిచేశాకే చెబుదామని ఊరుకుని ఉంటే, తర్వాత దాన్ని మెరుగుపరిచిన చేతులన్నీ కలిసేవి కావు.

వినేవారు ఎవరన్నదాన్ని బట్టి చెప్పే మాట మారుతుంది. మనవాళ్ల బంధువుల గ్రూపులు చూడండి. నలభై మంది ఉంటారు, అందరూ అయినవాళ్లే. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం, పండగకు శుభాకాంక్షలు, ఎవరైనా పోతే సంతాపం. మనసులో మాట మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే పెద్దమామయ్య ఏమనుకుంటారో, వియ్యాలవారి దాకా వెళుతుందేమోనన్న జంకు. ఆ నలభై మందిలోనే ఒకావిడ వేరే చోట, మారుపేరుతో, తనకు రెండుసార్లు గర్భం నిలవలేదని ముక్కూ మొహం తెలియని వారికి చెప్పుకుంటుంది. రైలులో పక్క సీటు మనిషికి ఇంటి గుట్టు విప్పడం మనకు కొత్తేమీ కాదు. విజయవాడలో దిగిపోయే మనిషి మన ఊరికి వచ్చి ఎవరికీ చెప్పడు కదా. జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లోనే రాశాడు, అయినవారికి చెప్పలేని రహస్యాలు పరాయివాడి చెవిన పడతాయని. ముఖం కనిపించకపోవడం, పేరు తెలియకపోవడం మనిషి నోటికి ఉన్న కట్లు విప్పుతాయని 2004లో మనస్తత్వవేత్త జాన్ సూలర్ విశ్లేషించాడు. ఆ విప్పడం రెండు వైపులా జరుగుతుందని కూడా చెప్పాడు. దాచుకున్న బాధా బయటికి వస్తుంది, దాచుకున్న విషమూ వస్తుంది.

ఆ విషం ఎక్కువగా ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. సొంత పేరుతో, సొంత ఫొటోతో అభిప్రాయం చెప్పే తెలుగు స్త్రీకి వచ్చే బదుళ్లలో విషయం మీద ఎన్ని, ఆమె నడవడి మీద ఎన్ని? కులం గురించి రాసే దళిత రచయితలకు అందే బదుళ్ల సంగతి? బదులు వస్తే చాలు మనిషి మళ్లీ రాస్తాడన్న పరిశోధన ఫలితానికి ఇక్కడ ఒక హద్దు ఉందని నేను గట్టిగా అంటాను. మాటకు కటువుగా బదులివ్వడం వేరు, మనిషిని వెంటాడటం వేరు. రెండోది జరిగినచోట ఎవరు రాయడం మానేశారో ఏ సంఖ్యలోనూ కనిపించదు.

భయం ఊరికే పుట్టదు కూడా. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ముంబై నగరం బంద్ కావడం మీద ఫేస్‌బుక్‌లో ఒక అభిప్రాయం రాసిన యువతిని, దాన్ని లైక్ చేసిన ఆమె స్నేహితురాలిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ అరెస్టులకు వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. చట్టం పోయినా జంకు పోవడానికి సమయం పడుతుంది. తమ అభిప్రాయం తక్కువమందిది అనిపించినప్పుడు మనుషులు మౌనం వహిస్తారని, ఆ మౌనం చూసి మిగిలినవారూ నోరు మూస్తారని జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ 1974లో చెప్పింది. అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ 2014లో ప్రచురించిన సర్వేలో, ప్రభుత్వ నిఘా గురించి మాట్లాడతారా అని అడిగినప్పుడు, ముఖాముఖిగా అయితే మాట్లాడతామన్నవారు 86 శాతం. ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడేవారిలో అక్కడ రాస్తామన్నవారు 42 శాతమే. కాబట్టి ఆన్‌లైన్‌లో కనిపించే అభిప్రాయాలే జనాభిప్రాయం అనుకోవడం పెద్ద పొరపాటు. అక్కడ ఉన్నది చెప్పడానికి ధైర్యం చేసినవారి మాట మాత్రమే.

చెప్పినవారి మాట కూడా పూర్తిగా వారిది కాకుండా పోయే ప్రమాదం ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో విలియం బ్రేడీ బృందం 2021లో 7,331 మంది ట్విట్టర్ వాడుకదారులు రాసిన కోటీ 27 లక్షల పోస్టులను పరిశీలించింది. కోపంతో, ఆవేశంతో రాసినదానికి లైకులు, రీట్వీట్లు ఎక్కువ వచ్చినవారు ఆ తర్వాత మరింత ఆవేశంగా రాయడం మొదలుపెట్టారు. వినేవారి కోసం మొదలుపెట్టిన మనిషిని వినేవారే కొద్దికొద్దిగా మలుస్తున్నారన్నమాట. సినిమా హీరోల అభిమానుల మధ్య, పార్టీల కార్యకర్తల మధ్య సాగే వాదులాటల్లో దీన్ని రోజూ చూస్తున్నాం. మొదట నిజంగా తనకు తోచినది రాసిన కుర్రాడు ఏడాది తిరిగేసరికి చప్పట్లు పడే మాట ఏదో ముందే తెలుసుకుని అదే రాస్తుంటాడు. అతన్ని తిట్టి లాభం లేదు. చప్పట్లు కొట్టిన చేతులు మనవే.

ఇటీవలి సంవత్సరాల్లో ఇందులో ఇంకో మలుపు వచ్చింది. 2008లో మొదలై ప్రోగ్రామర్లందరికీ పెద్ద దిక్కుగా నిలిచిన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల వేదికలో, 2022 నవంబరు చివర అడిగినదానికి జవాబు చెప్పే కృత్రిమ మేధ చాట్‌జీపీటీ విడుదలయ్యాక ఆరు నెలల్లో కార్యకలాపాలు దాదాపు 25 శాతం తగ్గాయని 2024లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. చాట్‌జీపీటీ అందుబాటు తక్కువగా ఉన్న రష్యన్, చైనీస్ బృందాలతో పోల్చి వేసిన లెక్క ఇది. తగ్గినవి పనికిరాని ప్రశ్నలే అని సర్దిచెప్పుకోవడానికి కూడా వీల్లేదు. మిగిలిన పోస్టుల నాణ్యతలో తేడా కనిపించలేదు. జవాబు యంత్రం చెబుతుంది కదా, నష్టమేమిటి అని అడగవచ్చు. యంత్రం ఆ జవాబులు నేర్చుకున్నది ఇన్నేళ్లుగా మనుషులు ఒకరికొకరు రాసుకున్న వాటి నుంచే. అడిగేవారు వెళ్లిపోతే, చైనా వికీపీడియాలో చదివేవారు పోయినప్పుడు జరిగిందే ఇక్కడా జరుగుతుంది. చెప్పేవారు చెప్పడం మానేస్తారు. కొత్తగా తెలిసిన సంగతి ఎవరి ఫోనులో వారికే మిగులుతుంది.

అదే అధ్యయనంలో ఇంకో వివరం ఉంది. ఎక్కువమంది వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో తగ్గుదల ఎక్కువ. తక్కువమంది వాడేవాటిలో తక్కువ. యంత్రానికి బాగా తెలిసినచోట మనుషులు మనుషులను అడగడం మానేస్తున్నారు, తెలియనిచోట ఇంకా అడుగుతున్నారు. మన పొలాల, మన ఆసుపత్రుల, మన మండల కార్యాలయాల సంగతులు తెలుగులో రాతకెక్కినది చాలా తక్కువ. పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడితే ముందు ఎవరిని కలవాలో, మీసేవలో ఏ కాగితం అడుగుతారో, ఏ ఊరి నేలలో ఏ వరి రకం పడిపోయిందో తెలిసినవారు ఇప్పటికీ మనుషులే. అడిగేవారూ ఉన్నారు.